చెల్లి బండికి ఏ టైరు

మార్చి 3, సోమవారం

తిన్నదీ, పరగడుపున వచ్చిన షుగరు అంకెలూ రాసుకోవడానికి డాక్టరమ్మ ఈ పుస్తకం కొనుక్కోమంది. ఆ రెండూ రాస్తే పేజీలో రెండు వరసలు నిండుతాయి. మిగతా పేజీ ఖాళీగా కనిపిస్తుంటే ఏదో ఒకటి రాయాలనిపించింది.

ఇవాళ షాపులో ఏడు పంక్చర్లు. పోస్ట్‌మ్యాన్ మళ్ళీ వచ్చాడు. శుక్రవారం నేను వేసిన ప్యాచ్ పక్కనే, వేలెడు దూరంలో కొత్త చిల్లు. టైరులో ముల్లు అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఒకసారి ఎవరికైనా జరుగుతుంది. అతను కోప్పడలేదు. మీకూ వయసొస్తోందమ్మా అని నవ్వాడు.

రోజంతా తొట్టెలో ట్యూబులు ముంచుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. నీళ్ళ వల్లే.

మార్చి 4, మంగళవారం

చెల్లి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా షాపుకొచ్చింది. రెండు నెలల సెలవు ఇచ్చారట. బండి మీద ఒక్కతే బయల్దేరుతుందట. సముద్రం దగ్గర రోడ్డు ఆగిపోయే చోటు వరకు, మూడు వేల రెండు వందల కిలోమీటర్లు. తిరిగి రావడం వేరే దారిన.

పద్దెనిమిదేళ్ళుగా అంబులెన్సుల ఆఫీసులో ఫోనెత్తే పని తనది. ఎక్కడెక్కడి మలుపులూ వంతెనలూ మైలురాళ్ళూ దానికి నోటికొచ్చు. ఒక్కటీ కళ్ళతో చూడలేదు. ఇప్పుడేం అవసరమొచ్చిందే అని అడిగాను.

"నాకు తెలిసిన ఊళ్ళన్నిట్లోనూ ఎవరో ఒకరు పడిపోయి ఉన్నారక్కా. నిలబడి ఉన్నవాళ్ళను కూడా ఒకసారి చూసి రావాలి" అంది.

తన బండికి స్పోకుల చక్రాలు. వాటికి ట్యూబు ఉండాల్సిందే. ట్యూబ్‌లెస్ కావాలంటే చక్రాలే తీసేసి స్పోకులు లేని అల్లాయ్‌వి వేయించాలి. ఏది మంచిదని ఆఫీసులో పదిమంది పది రకాలుగా చెప్పారట. "వాళ్ళ మాట నాకెందుకు. మా అక్క ఉంది కదా" అంది.

రేపు చెప్తానన్నాను.

మార్చి 5, బుధవారం

చెప్పలేదు. తొట్టెలో వేడినీళ్ళు కలిపి చూశాను. తేడా ఏమీ లేదు.

మార్చి 8, శనివారం

కూర్చుని రెండు వైపులా ఆలోచించాను. ఇక్కడ రాసుకుంటే తేలుతుందేమో.

ట్యూబుకు పెద్ద చిల్లు పడితే గాలి ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగినా రబ్బరు దాన్ని పట్టుకుని ఉంటుంది, గాలి మెల్లగా దిగుతుంది, బండి ఆపుకునే వ్యవధి ఉంటుంది. చక్రం విప్పక్కర్లేదు. బయటినుంచే సూదితో రబ్బరు పుల్ల దూర్చితే పది నిమిషాల పని. కానీ గుంతలో పడి రిమ్ము సొట్టపోతే అంచునుంచి గాలి పోతూనే ఉంటుంది. అల్లాయ్ పగిలితే అతుకు పడదు. స్పోకులైతే వంగుతాయి, సుత్తితో సరిచేసుకోవచ్చు. ట్యూబు ఏ పల్లెటూళ్ళోనైనా దొరుకుతుంది, ఎవరైనా వేస్తారు.

అందుకే దూరం వెళ్ళేవాళ్ళకు ఇరవై ఆరేళ్ళుగా ట్యూబే చెబుతున్నాను. నా దగ్గరికొచ్చిన వాళ్ళందరికీ ఇదే పాట. చెల్లికీ ఈ పాట వచ్చు.

ట్యూబు పనిలో ప్యాచ్ వేయడం ఎవరికైనా వస్తుంది. అసలు పని తర్వాతది. టైరు లోపల చేత్తో చుట్టూ తడిమి, గుచ్చుకున్నది ఇంకా ఉందేమో వెతకాలి. అది తీయకుండా ట్యూబు ఎక్కిస్తే మళ్ళీ చిల్లే. ఈ పని ఆయన నేర్పాడు నాకు. పెళ్ళైన కొత్తలో, ఇదే షాపులో, కళ్ళు మూసుకుని చెయ్యి తిప్పమనేవాడు. కళ్ళు మోసం చేస్తాయి, వేలు చెయ్యదు అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

ట్యూబ్‌లెస్‌కు ఈ తడిమే పని లేదు. సబ్బునీళ్ళు పోస్తే చిల్లు బుడగలై కనిపిస్తుంది. కళ్ళుంటే చాలు.

తేలలేదు.

మార్చి 9, ఆదివారం

చెల్లి ఇంటికి వెళ్ళాను. గోడకు పెద్ద మ్యాపు అంటించింది. ట్యూబ్‌లెస్ వేయించుకో అన్నాను.

అది పెన్సిలు కింద పెట్టి నా వైపు చూసింది. ఇన్నేళ్ళుగా అందరికీ ట్యూబు చెప్పి, నా దగ్గరికొచ్చేసరికి మాట మార్చావేమిటంది. గాలి మెల్లగా దిగుతుందన్నాను. పది నిమిషాల పనన్నాను. ఒంటరి ఆడమనిషికి రోడ్డు పక్కన చక్రం విప్పుకుని కూర్చోవడం మంచిది కాదన్నాను. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి వేస్తున్నావంది.

నేను చెప్పినవన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం లేదు.

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నం వేడి సైలెన్సరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డానట. బండాయన అరిచి లాగేశాడు. వాసన కూడా వచ్చిందన్నాడు. చూస్తే రెండు వేళ్ళు పొక్కాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలినట్టు తెలియనివాళ్ళు ఎప్పుడు పట్టుకోవాలో.

మార్చి 12, బుధవారం

డాక్టరమ్మ కళ్ళు మూసుకోమంది. గుండుసూదితో ఒక్కో వేలూ తాకుతూ మొనా, తలకాయా అని అడిగింది. నేను ఊహించి చెప్పాను. పదింటిలో నాలుగు సరిపోయాయట.

షుగరు చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందంది. ఇకమీదట అదుపులో పెడితే ముదరకుండా ఆగవచ్చట. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేనంది. ఏం పని చేస్తారు అని అడిగింది. షాపు చూసుకుంటానన్నాను.

మార్చి 15, శనివారం

చెల్లి బండి తీసుకొచ్చింది. కొత్త ట్యూబులు రెండూ తనే కొనుక్కొచ్చింది. టైర్లు పాతవే, ఇంకా బాగున్నాయి. నేను ఇంకోసారి ట్యూబ్‌లెస్ అని చూశాను.

"నాకు ట్యూబే కావాలి. నువ్వు వేసింది కావాలి" అంది.

రెండు చక్రాలూ విప్పాను. ముందు టైరు లోపల తడిమాను. ఏమీ లేదు. వెనక టైరు తడిమాను. ఏమీ లేదు. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి, మళ్ళీ కుడిచేత్తో. అది స్టూలు మీద కూర్చుని ఏ ఊళ్ళో ఎక్కడ ఆగుతుందో చెబుతూనే ఉంది. ఏమీ లేదు. ఏమీ తగల్లేదు కాబట్టి ఏమీ లేదు.

గాలి కొట్టి ఇచ్చాను.

మార్చి 16, ఆదివారం

సామాను మొత్తం కట్టుకుని అలవాటు కోసం వంద కిలోమీటర్లు వెళ్ళొస్తానని పొద్దున్నే బయల్దేరింది. సాయంత్రానికి వచ్చేస్తుంది.

మార్చి 17, సోమవారం

నిన్న పదకొండున్నరకు ఫోనొచ్చింది. దాని ఆఫీసు నుంచే. పక్క సీట్లో పనిచేసే ఆమె. కంగారు పడకండి, మాట్లాడుతోంది, స్పృహలోనే ఉంది అని ముందు ఆ మూడు ముక్కలూ చెప్పింది. వాళ్ళకు అలా చెప్పడం నేర్పుతారు.

ఎనభైలో వెళ్తుంటే వెనక టైరు ఒక్కసారిగా కూర్చుండిపోయిందట. బండి అటూ ఇటూ కొట్టుకుని రోడ్డు అంచున పడేసింది. పడ్డాక అదే ఫోన్ చేసుకుంది. ఫలానా మైలురాయి దాటాక రెండు వందల మీటర్లు, ఎడమ వైపు, ఒక్కరే, ఆడమనిషి, నలభై మూడేళ్ళు, భుజం ఎముక విరిగి ఉండవచ్చు అని వరసగా చెప్పిందట. ఫోనెత్తిన అమ్మాయి చివరిదాకా ఆ గొంతు గుర్తుపట్టలేకపోయిందట.

మెడ కింద ఎముక విరిగింది. మోచెయ్యి చీరుకుపోయింది. తలకు ఏమీ కాలేదు. వెనకాలే ఒక లారీ వచ్చిందట. డ్రైవరు ఆపగలిగాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆస్పత్రి వరండాలో కూర్చుని పక్కనున్న ఎవరో ఇచ్చిన టీ తాగాను. చక్కెర వేసిన టీ అని సగం తాగాక తెలిసింది.

మార్చి 18, మంగళవారం

బండిని షాపుకు చేర్చారు.

మార్చి 19, బుధవారం

చక్రం విప్పలేదు. పని ఎక్కువగా ఉంది.

మార్చి 20, గురువారం

విప్పలేదు.

మార్చి 22, శనివారం

విప్పాను. షట్టరు సగం దించుకుని, ట్యూబ్ లైటు వేసుకుని.

టైరు లోపల చేత్తో తడిమాను. ఏమీ తగల్లేదు. అప్పుడు పాత నూలుగుడ్డ ఒకటి తీసి లోపల చుట్టూ లాగాను. ఒకచోట గుడ్డ ఆగింది. దారం పోగు పట్టుకుంది.

ఇనుప తీగ. బియ్యపు గింజలో సగం మాత్రం లోపలికి పొడుచుకొచ్చి ఉంది. ట్యూబును ఆనించి చూశాను. చిల్లు సరిగ్గా అక్కడే.

ఆ రోజు దారిలోనే గుచ్చుకుని ఉండవచ్చని కాసేపు అనుకున్నాను. బయటి వైపు తిప్పి చూశాను. తీగ రెండో కొస టైరు పైన రోడ్డుకు తగిలే పూలతో సమానంగా అరిగి నున్నగా అయిపోయింది. చుట్టూ తుప్పు. అలా అరగాలంటే నెలలు పడతాయి.

గుడ్డకు తగిలింది. నాకు తగల్లేదు.

మార్చి 23, ఆదివారం

చెల్లిని చూడటానికి వెళ్ళాను. దాని ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చి ఉన్నారు. రోడ్డు మీద మేకు ఏదో దిగి ఉంటుందని అది వాళ్ళకు చెబుతోంది. "మా అక్క వేసిన ట్యూబు కాబట్టి అంతదూరమైనా వెళ్ళాను" అంది.

వాళ్ళు నా వైపు చూసి నవ్వారు. నేను గ్లాసులు కడిగి పెట్టాను.

మార్చి 27, గురువారం

షాపు తెరిచాను. ట్యూబు బండ్లు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు గుడ్డతో చూస్తున్నాను. గుడ్డతో సరిపోతుంది. చాలావరకు సరిపోతుంది.

షుగరు అంకెలు రాయడం లేదు. రేపటినుంచి రాయాలి.

ఏప్రిల్ 6, ఆదివారం

చెల్లికి స్నానం చేయించడానికి వెళ్ళాను. కుడిచెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది కాబట్టి ఒంటిచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతోంది. నేను పెడతానని ముందు కూర్చున్నాను.

పైబొత్తం పట్టుకున్నాననుకున్నాను. జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను. పట్టుకున్నానో లేదో చూస్తేగానీ తెలియడం లేదు. దాని గడ్డం అడ్డమొచ్చి కనపడలేదు. మూడోసారి బొత్తమనుకుని గుడ్డ మడత పట్టుకుని కన్నంలోకి తోస్తున్నాను. అది కిందికి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

"అక్కా, నీ చేతులకేమైంది?"

తిమ్మిరి అన్నాను. అది ఆగలేదు. ఎప్పటినుంచి అంది. రెండు చేతులూనా, కాళ్ళు కూడానా, నొప్పి ఉందా, డాక్టరు చూశారా, ఏమన్నారు. ఫోన్లో పరాయివాళ్ళను అడిగే గొంతుతో, అదే వరసలో అడిగింది. ఆ గొంతుకు ఎవరైనా జవాబు చెప్పేస్తారు. నేనూ చెప్పాను. షుగరు సంగతి, గుండుసూది సంగతి, పోస్ట్‌మ్యాన్ సంగతి. తీగ సంగతి కూడా.

అది ఎడమచేత్తో చొక్కా దగ్గరికి లాక్కుంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నా చక్రం బిగించేటప్పుడే నీ వేళ్ళ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"ఇవాళ్టికి వెళ్ళిపో అక్కా" అంది.

సగం బొత్తాలు పెట్టకుండానే వచ్చేశాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది. మళ్ళీ ఎక్కలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

అది ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

చేయలేదు. దానికి తలస్నానం ఎవరు చేయిస్తున్నారో.

ఏప్రిల్ 19, శనివారం

చెల్లి షాపుకొచ్చింది. జోలె తీసేశారు. చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. పోస్ట్‌మ్యాన్ బండికి గాలి కొడుతున్నాను. అతను వెళ్ళేదాకా ఆగింది.

టైరు పోయినందుకు కాదంది తన కోపం. తీగ ఎవరికైనా తప్పిపోతుందంది. ట్యూబ్‌లెస్ వేసుకోమని నువ్వు వంద కారణాలు చెప్పావు, ఉన్న ఒక్క కారణం చెప్పలేదు అంది. మూడేళ్ళ పిల్లాడు కూడా మా అమ్మ లేవడం లేదని ఫోన్లో నాకు చెబుతాడు, నువ్వు నోరు తెరవలేకపోయావు అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

నేను విన్నాను. తప్పయిందని కూడా అన్నాననుకుంటాను. సరిగ్గా గుర్తులేదు. గాలి పంపు పక్కన పెట్టడం మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"ప్రయాణం మానుకోలేదు. జూన్‌కు మార్చుకున్నాను" అంది. "ఇప్పుడు చెప్పు. నీ వేళ్ళ సంగతి పక్కన పెట్టు. నా బండికి, నా ఒంటికి ఏది మంచిది?"

ఈసారి నిజంగా ఆలోచించాను. అతుక్కుంటున్న భుజం. టైరును రిమ్ము నుంచి ఊడదీయాలంటే రాడ్డు మీద ఒళ్ళంతా వేసి నొక్కాలి. అది చెల్లి వల్ల కాదు, ఇంకో ఆరునెలలు కాదు. సూదితో రబ్బరు పుల్ల దూర్చడం ఎడమచేత్తో కూడా చేయవచ్చు.

"ట్యూబ్‌లెస్సే" అన్నాను. "భుజం కోసం."

"రెండుసార్లూ అదే చెప్పావు" అంది.

"అవును" అన్నాను.

అది నవ్వలేదు. కానీ లేచి వెళ్ళిపోకుండా సాయంత్రం దాకా కూర్చుంది.

మే 11, ఆదివారం

అల్లాయ్ చక్రాలు బిగించాం. నేను పట్టుకున్నాను, నట్లు అది బిగించింది. సామాన్లలో ఒక ట్యూబు కూడా పెట్టమన్నాను. రిమ్ము సొట్టపోయి గాలి నిలవకపోతే ట్యూబ్‌లెస్ టైరులోనే ట్యూబు వేసి గండం గట్టెక్కవచ్చు. టైరు ఊడదీయడానికి ఏ ఊళ్ళోనైనా మనిషి దొరుకుతాడు. లోపల తడమడం మాత్రం ఎవరికీ వదలొద్దన్నాను.

దానికి నేర్పాను. పాత టైరులో ఒక మేకు మొన దూర్చి ఇచ్చాను. గోళ్ళు కాదు, వేళ్ళ కొసలతో. గట్టిగా రుద్దకు, చెయ్యి కోసుకుపోతుంది. మెల్లగా పోనీ.

చుట్టూ తిప్పి ఒకచోట ఆగింది. "ఇదేనా" అంది. నేను అక్కడ వేలు పెట్టాను. నాకు ఏమీ లేదు. కళ్ళు తెరిచి చూశాను. అదే.

జూన్ 2, సోమవారం

బోర్డు మీద రాయించాను: ట్యూబు టైర్లు చేయబడవు. పోస్ట్‌మ్యాన్ చదివి, ఎందుకమ్మా అన్నాడు. మానేశానన్నాను. అతను వెనకవీధిలో ఇంకో షాపుకు వెళ్తున్నాడు. ఉత్తరాలు మాత్రం ఇంకా ఇస్తున్నాడు.

జూన్ 14, శనివారం

చెల్లి తెల్లవారి ఆరింటికి బయల్దేరింది. భుజం మీద చెయ్యి వేయబోయి, ఏ భుజమో గుర్తురాక ఆగిపోయాను. అదే నా చెయ్యి తీసుకుని ఎడమ భుజం మీద పెట్టుకుంది.

మందులు వేసుకుంటున్నావా అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. పుస్తకం చూపించమంది. జూన్ ఒకటి నుంచి అంకెలున్నాయి. చూపించాను. మిగతా పేజీలు తిప్పబోతే లాక్కున్నాను.

జూన్ 20, శుక్రవారం

ఫోన్ చేసింది. వెయ్యీ నాలుగు వందలు దాటిందట. ఒక మేకు దిగిందట. దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు చూసుకుంది. గాలి పూర్తిగా దిగకముందే తనే పుల్ల దూర్చుకుంది. పదకొండు నిమిషాలు పట్టిందట. చెబుతుంటే వెనక గాలి శబ్దం. ఎవరో పిల్లలు నవ్వుతున్నారు.

మంచి పని చేశావన్నాను. ఇంకా ఏదో అనాలి. అనేలోపు పెట్టేసింది.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం షట్టరు దించబోతుంటే ఒకామె చిన్న బండి నెట్టుకుంటూ వచ్చింది. ట్యూబు టైరు. బోర్డు చూపించాను. ఆదివారమమ్మా, వెనకవీధి షాపు మూసేశారు, ఎదురుగా నర్సింగ్ హోములో మా నాన్న ఉన్నారు, క్యారేజీ ఇచ్చి మళ్ళీ డ్యూటీకి పోవాలి అంది. ఎండకు ముఖం కందిపోయింది. ఏదో బట్టలమిల్లులో కుట్టుపని అట.

లేదని చెప్పడానికే నోరు తెరిచాను.

"నా వేళ్ళకు స్పర్శ లేదమ్మా. టైరు విప్పుతాను, ప్యాచ్ వేస్తాను. లోపల చెయ్యి పెట్టి ముల్లు మీరే వెతకాలి" అన్నాను.

పరాయి మనిషితో ఈ మాట అనడం ఇదే మొదలు. ఆమె క్షణం నా చేతుల వైపు చూసి, కొంగుతో తన చెయ్యి తుడుచుకుంది. ఎలాగో చెప్పండంది.

చెప్పాను. కళ్ళు మూసుకోమన్నాను. కుట్టుపని చేసే చెయ్యి. తొందర లేకుండా, గుడ్డ అంచు చూసినట్టు, చుట్టూ పోయింది. ముప్పాతిక వంతు తిరిగాక ఆగింది. ఉందండి, అంది. వేలు అక్కడే ఉంచమని, బయటినుంచి పట్టకారతో లాగాను. గాజుపెంకు. తీగ కాదు.

ప్యాచ్ వేసి, చక్రం బిగించి ఇచ్చాను. ఆమె చూపుడువేలి కొస మీద చిన్న రక్తపు చుక్క. దూదితో తుడిచాను.

ఎలా ఉందని అడిగాను. ఏం లేదు, పర్వాలేదండీ అంది. అది కాదు, గుచ్చుకున్నప్పుడు ఎలా ఉంటుందో చెప్పమన్నాను.

ఆమె నా వైపు చూసింది. నేను వేళాకోళమాడటం లేదని అర్థమైనట్టుంది. కాస్త ఆలోచించింది.

చీమ కుట్టినట్టు, అంది. తర్వాత కాసేపు అక్కడ వెచ్చగా ఉంటుందట.